షోలవరం రన్‌వే నుంచి ఇరుంగాట్టుకోట్టై దాకా: రేస్ ట్రాకులపై పాఠకుల ప్రశ్నలు

హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరిలో జరిగిన ఫార్ములా-ఈ (విద్యుత్ కార్ల) రేసు గురించి గత సంచికలో రాసిన వ్యాసానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో సగానికి పైగా ఆ రేసును పక్కనపెట్టి మద్రాసు దారి పట్టాయి. దక్షిణాదిలో మోటారు రేసుల ఊసెత్తితే కథ అక్కడే మొదలవుతుంది కాబట్టి, ఈసారి శీర్షికను పూర్తిగా ట్రాకులకే కేటాయిస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి జవాబిచ్చాం.

ప్రశ్న: మా నాన్నగారు లారీ మీద మద్రాసుకు సరుకు తోలేవారు. షోలవరం దగ్గర రేసులు జరిగే రోజుల్లో రోడ్డు పక్కన లారీ ఆపి, ఆ చప్పుడు విని మరీ వెళ్లేవాళ్లమని చెబుతుండేవారు. ఇప్పుడు ఆ దారిన వెళ్తే అలాంటిదేమీ కనబడదు. అక్కడ నిజంగా రేస్ ట్రాక్ ఉండేదా? (సూళ్లూరుపేట)

జవాబు: మీ నాన్నగారు చెప్పింది నిజమే. అయితే అది రేసుల కోసం వేసిన ట్రాక్ కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల కోసం వేసిన ఎయిర్‌స్ట్రిప్ అది. గుమ్మిడిపూండి దాటి రెడ్‌హిల్స్ వైపు వెళ్తుంటే వచ్చే షోలవరంలో, మద్రాసుకు తాగునీరిచ్చే పెద్ద చెరువు ఉన్న ఆ ఊళ్లోనే, యుద్ధం ముగిశాక పనిలేక మిగిలిన ఆ రన్‌వే మీద 1950లలో కార్ల రేసులు, మోటార్‌సైకిళ్ల రేసులు మొదలయ్యాయి. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాటిని నడిపేది.

ఆ రోజుల్లో ఇది షోలవరానికే ప్రత్యేకమైన సంగతేమీ కాదు. యుద్ధం ముగిసేసరికి ప్రపంచమంతటా వాడకంలో లేని విమానాశ్రయాలు కుప్పలుగా మిగిలాయి. 1950 మే 13న మొట్టమొదటి ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసుకు వేదికైన ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్ ఒకప్పటి బాంబర్ విమానాల స్థావరం. అమెరికాలోని ఫ్లోరిడాలో 12 గంటల రేసుకు పేరుపడ్డ సెబ్రింగ్ కూడా ఒకప్పటి సైనిక విమానాశ్రయమే. అక్కడ కాంక్రీటు పలకల అతుకుల మీదుగా కార్లు ఎగిరిపడుతూ పోవడం ఇవాళ్టికీ చూడవచ్చు. మన దేశంలో కలకత్తా దగ్గరి బారక్‌పూర్ ఎయిర్‌స్ట్రిప్ మీద కూడా రేసులు జరిగాయి.

రన్‌వే మీద రేసంటే సుఖమూ ఉంది, చిక్కూ ఉంది. విమానానికి కావలసింది వెడల్పుగా, సూటిగా, చదునుగా ఉన్న నేల. దాని మీద కారుకు వేగం అందుకోవడానికి అడ్డేమీ ఉండదు. మలుపు మాత్రం రన్‌వేలో ఎక్కడా ఉండదు కాబట్టి దాన్ని మనుషులే సృష్టించుకోవాలి. ఒక రన్‌వే నుంచి మరో దారిలోకి తిరిగే చోటో, విమానాలు పక్కకు తప్పుకునే చోటో గుర్తులు పెట్టి, ‘ఇక్కడ తిరగాలి’ అని నిర్ణయించుకోవాలి. దాంతో అలాంటి ట్రాకుల్లో ప్రాణం పోసుకున్నట్టు దూసుకెళ్లే సూటి దారి ఒకటి, దాని చివర ఒక్కసారిగా బ్రేకు మీద నిలబడాల్సిన మలుపు ఒకటి తప్పనిసరిగా ఉంటాయి. ఎత్తుపల్లాలుండవు, చెట్టుచేమ ఉండవు. ఎక్కడ బ్రేకు వేయాలో గుర్తుపెట్టుకోవడానికి కంటికి ఆనే వస్తువే దొరకదు.

విదేశీ కార్ల దిగుమతి దాదాపు అసాధ్యమైన ఆ కాలంలో అక్కడ పరుగెత్తినవి ఎక్కువగా మన వీధుల్లో తిరిగే బళ్లే. ఫియట్, అంబాసిడర్, స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి కార్ల ఇంజిన్లు విప్పి, సీట్లు తీసేసి, బరువు తగ్గించి, షెడ్లలో రాత్రుళ్లు కూర్చుని మార్చుకున్నవి. నా దృష్టిలో షోలవరం ఇచ్చిన అసలు ఆస్తి ట్రాక్ కాదు, ఆ మెకానిక్కులే. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ ఆ సంప్రదాయానికి కొసమెరుపు. మారుతి 800 ఇంజిన్ పెట్టి ఒంటి సీటు రేసు కారు తయారుచేసి, ‘ఫార్ములా మారుతి’ పేరుతో సామాన్యులకు అందే ఖర్చులో రేసింగ్ తరగతిని నిలబెట్టిన మనిషి ఆయన.

ప్రశ్న: మరి షోలవరాన్ని ఎందుకు వదిలేశారు? శ్రీపెరుంబుదూరు దగ్గర ఇప్పుడున్న ట్రాక్ ఎప్పుడు వచ్చింది, అది ఎలా ఉంటుంది? (చిత్తూరు, నెల్లూరు, హైదరాబాద్ నుంచి పలువురు)

జవాబు: ఎయిర్‌స్ట్రిప్ క్లబ్బు సొంతం కాదు. రేసులు జరిగే కొద్ది రోజుల కోసం కంచెలు కట్టి, గుర్తులు పాతి, ఆట ముగియగానే అన్నీ పీకి తీసుకెళ్లాల్సిన చోట శాశ్వతమైన పిట్ గదులు (కార్లను సరిచేసుకునే గదులు) గానీ, గ్యాలరీలు గానీ, గుద్దుకుంటే కాపాడే గోడలు గానీ కట్టలేరు. కార్ల వేగం పెరిగేకొద్దీ ఈ లోటు ప్రమాదంగా మారుతుంది. అందుకే క్లబ్బు మద్రాసుకు పడమటి దిక్కున, బెంగళూరు రహదారి మీద శ్రీపెరుంబుదూరుకు ముందు వచ్చే ఇరుంగాట్టుకోట్టైలో సొంత స్థలం సంపాదించి, 1980ల చివర నిర్మాణం చేపట్టి, 1990లో ట్రాకును ప్రారంభించింది. రేసుల కోసమే కట్టిన శాశ్వత ట్రాకు మన దేశంలో అదే మొదటిది. దాన్ని చాలాకాలం మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్ అన్నారు. ఇప్పుడు దాని పేరు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. హ్యుందాయ్ కంపెనీ ఇదే ఇరుంగాట్టుకోట్టైలో ఫ్యాక్టరీ పెట్టి కార్లు బయటికి పంపడం మొదలుపెట్టింది 1998లో. అంటే ఆ ఊళ్లో కార్లు తయారవడానికి చాలా ముందే కార్లు పరుగెత్తాయన్నమాట.

ఇక ఆకారం సంగతి. పూర్తి ట్రాక్ పొడవు 3.717 కిలోమీటర్లు, మలుపులు 12, పరుగు గడియారం ముల్లు తిరిగే దిశలో. చిన్న బళ్ల పోటీలకు, శిక్షణకు పనికొచ్చేలా ఇందులోనే ఒక పొట్టి దారీ ఉంది. విదేశాల్లో మలుపులకు మనుషుల పేర్లో, ఊళ్ల పేర్లో పెట్టుకుంటారు. మన రేసర్లు మాత్రం సీ-1, సీ-2 అని అంకెలతోనే సరిపెట్టుకున్నారు. వినడానికి రైలు బోగీల్లా ఉన్నా, ఆ అంకెలు ట్రాకును ఎరిగినవాళ్ల నోట పేర్లలాగే పలుకుతాయి.

వాటిలో ఎక్కువగా చర్చకు వచ్చేది సీ-1. స్టార్టింగ్ గీత ఉన్న సూటి దారి చివర, బండి మంచి ఊపులో ఉన్నప్పుడు ఎదురయ్యే కుడి మలుపు ఇది. దీన్ని వేగంగానే తీసుకోవాలి. వేగంగా తీసుకునే మలుపుకు అంత పేరెందుకో లెక్క చూస్తే అర్థమవుతుంది. మలుపులో బండిని పక్కకు నెట్టే బలం వేగం పెరిగినంతే పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 100 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును గంటకు 100 కిలోమీటర్లతో తిరిగితే టైర్లు మోయాల్సిన పక్కబలం బండి బరువులో దాదాపు ఎనభై శాతం. అదే మలుపును 140తో తిరిగితే బరువుకు ఒకటిన్నర రెట్లు. వేగం నలభై శాతం పెరిగితే బలం ఇంచుమించు రెట్టింపైంది. కాబట్టి నెమ్మది మలుపులో తప్పు చేసినవాడు ఒకటి రెండు పదుల గజాలు జారి ఆగుతాడు, వేగపు మలుపులో తప్పు చేసినవాడికి గోడ ఎంత దూరంలో ఉందన్నదే ప్రశ్న. ఇలాంటి మలుపులో కాలు ఎంతసేపు నిబ్బరంగా యాక్సిలరేటర్ మీద ఉంచగలరన్న దాన్ని బట్టే రేసర్ల మధ్య తేడా బయటపడుతుంది.

మద్రాసు చుట్టుపక్కల నేల చదును కాబట్టి ఈ ట్రాకులో కొండదారి మలుపుల అందం ఉండదు. ఆ లోటును మలుపుల వరస తీరుస్తుంది. ఒక మలుపు నుంచి బయటపడే తీరు తరువాతి మలుపులోకి ప్రవేశించే తీరును శాసిస్తుంది. మొదటిదాంట్లో అత్యాశకు పోయి బయటి అంచుకు జారితే రెండోదానికి తప్పు వైపు నుంచి ప్రవేశించాలి. ఆ నష్టం తరువాతి సూటి దారి పొడవునా వెంటాడుతుంది.

నారాయణ్ కార్తికేయన్, కరుణ్ చందోక్ లాంటివాళ్లు ఈ ట్రాక్ మీద పరుగెత్తి పైకి వెళ్లినవాళ్లే. కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ చేరిన తొలి భారతీయుడయ్యాడు, చందోక్ 2010లో చేరాడు. ఎంఆర్‌ఎఫ్ ఛాలెంజ్ పోటీల కోసం విదేశీ యువ రేసర్లు కూడా ఇక్కడికి వచ్చారు. మైఖేల్ షూమాకర్ కొడుకు మిక్ షూమాకర్ వారిలో ఒకడు. బ్రిటన్‌కు చెందిన జేమీ చాడ్విక్ 2018-19 సీజన్‌లో మగవాళ్లందరినీ దాటి ఆ ఛాంపియన్‌షిప్ గెలిచింది.

ప్రశ్న: మద్రాసు ట్రాకు 3.7 కిలోమీటర్లుండి 12 మలుపులే ఉంటే, హైదరాబాద్‌లో మూడు కిలోమీటర్లు కూడా లేని ట్రాకుకు 18 మలుపులెందుకు? (హనుమకొండ)

జవాబు: మంచి ప్రశ్న. భాగించి చూడండి. ఇరుంగాట్టుకోట్టైలో సగటున 310 మీటర్లకొక మలుపు. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ పొడవు 5.125 కిలోమీటర్లు, మలుపులు 16, అంటే 320 మీటర్లకొకటి. హైదరాబాద్ ట్రాకు 2.835 కిలోమీటర్లు, కాబట్టి 158 మీటర్లకొకటి, అంటే సగం దూరానికే.

దీనికి రెండు కారణాలు. మొదటిది వీధి. ఎన్టీఆర్ మార్గ్, లుంబినీ పార్కు, మింట్ కాంపౌండ్, ఎన్టీఆర్ గార్డెన్స్ పరిసరాల్లో అప్పటికే ఉన్న రోడ్లను కలుపుకుంటూ గీసిన దారి అది. నగరపు రోడ్డు ఎక్కడ తిరిగితే ట్రాకూ అక్కడే తిరగాలి. ఒకవైపు చెరువు, మరోవైపు అప్పటికింకా ప్రారంభం కాని కొత్త సచివాలయం ఉన్న చోట మలుపును పది అడుగులు పక్కకు జరపడం కూడా కుదరదు. అందుకని ఎక్కువ మలుపులు వీధి కూడలిలో తిరిగినట్టే లంబకోణంలో ఉంటాయి.

రెండో కారణం కార్లది. ఫార్ములా-ఈ కార్లకు బ్రేకు వేయడమంటే వేగం తగ్గించుకోవడమొక్కటే కాదు, మోటారును జనరేటరుగా తిప్పి బ్యాటరీలోకి విద్యుత్తు వెనక్కి పంపడం కూడా. రేసులో ఖర్చయ్యే శక్తిలో 40 శాతం దాకా ఇలా తిరిగి రాబట్టగలిగేలా ఆ రేసులో పరుగెత్తిన మూడో తరం కార్లను తయారుచేశారు. వేగం పుంజుకోవడం, గట్టిగా బ్రేకు వేయడం, మళ్లీ పుంజుకోవడం అన్న వరస ఎంత ఎక్కువగా ఉంటే శక్తి పొదుపు అంత ముఖ్యమవుతుంది. పెట్రోలు కారుకు విసుగు పుట్టించే ట్రాకు ఈ కారుకు చదరంగం బల్ల అవుతుంది. 2023 ఫిబ్రవరి 11న జరిగింది అదే. ఫ్రాన్స్‌కు చెందిన జాన్-ఎరిక్ వెర్న్ చివరి ల్యాపుల్లో వెనకున్న నిక్ కాసిడీ కంటే తక్కువ విద్యుత్తు మిగుల్చుకుని కూడా, దారి మూసి నిలబడి, అరసెకను లోపు తేడాతో గెలిచాడు. మూడో స్థానంలో గీత దాటిన సెబాస్టియన్ బ్యూమీ అనుమతికి మించి శక్తి వాడినందుకు శిక్ష పడి కిందికి జారాడు. అంతకుముందు వెనక్కి తిరిగినట్టుండే హెయిర్‌పిన్ మలుపు దగ్గర జాగ్వార్ జట్టు కార్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. వీధి ట్రాకుల్లో దాటిపోవడానికి చోటు దొరికేది అలాంటి మలుపుల దగ్గరే, తగువులూ అక్కడే.

2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రెండో రేసు ఆ ఏడాది జనవరిలోనే రద్దయింది. వీధి ట్రాకుకు ఉన్న బలహీనత అదే. కంచెలు విప్పేశాక అక్కడ మిగిలేది మామూలు రోడ్డే. మద్రాసులో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ సుమారు 3.5 కిలోమీటర్ల వీధి ట్రాకు మీద 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు 1న దీపాల వెలుగులో జరిగిన రేసు కూడా ఇలా కట్టి, నడిపి, విప్పేసిందే.

ప్రశ్న: ట్రాకులన్నీ గడియారం దిశలోనే ఎందుకు? (తెనాలి)

జవాబు: అన్నీ కాదు, ఎక్కువ భాగం. బ్రెజిల్‌లోని ఇంటర్‌లాగోస్, ఇటలీలోని ఇమోలా, అమెరికాలోని ఆస్టిన్ అపసవ్య దిశలో తిరుగుతాయి. కుడి మలుపులకు అలవాటుపడ్డ రేసర్ల మెడలు అక్కడ నొప్పి పెడతాయని చెప్పుకోవడం పరిపాటి.

ప్రశ్న: కోయంబత్తూరు ట్రాకు కూడా రన్‌వేయేనంటారు, నిజమా? (అనంతపురం)

జవాబు: నిజమే. చెట్టిపాళయంలోని ఆ నేల మొదట తేలికపాటి అల్ట్రాలైట్ విమానాల కోసం వేసిన ఎయిర్‌స్ట్రిప్. పైన చెప్పిన కరివర్ధన్ 1995లో అలాంటి విమానం కూలిపోయే మరణించారు. 2003లో ప్రారంభమైన 2.1 కిలోమీటర్ల ట్రాకుకు ఆయన పేరిట కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు పెట్టారు. షోలవరంలో విమానాల దారిని కార్లు అరువు తెచ్చుకున్నాయి, ఇక్కడ ఆ దారి కార్లకే మిగిలిపోయింది.

ప్రశ్న: ఇరుంగాట్టుకోట్టైలో ఫార్ములా వన్ రేసు పెట్టవచ్చు కదా, నోయిడాలో కొత్తగా కట్టడం దేనికి? (విజయవాడ)

జవాబు: పొడవు చాలదేమోనని మీరనుకుని ఉంటారు. అది అడ్డు కాదు. ఫార్ములా వన్ ట్రాకు కనీసం 3.5 కిలోమీటర్లుండాలన్నది అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐఏ నియమం, ఇది అంతకన్నా కొంచెం పొడవే. అడ్డు వేరే చోట ఉంది.

ఎఫ్‌ఐఏ ట్రాకులకు గ్రేడ్లు ఇస్తుంది. ఏ గ్రేడు ట్రాకు మీద ఏ కారు పరుగెత్తవచ్చన్నది ఆ కారు బరువును దాని హార్స్‌పవర్‌తో భాగించి చెబుతారు. ఒక్కో హార్స్‌పవర్‌కు కిలో కంటే తక్కువ బరువు పడే కార్లకు గ్రేడ్-1 కావాలి. సుమారు 800 కిలోల బరువుతో, వెయ్యికి దగ్గరగా హార్స్‌పవర్ ఉన్న ఫార్ములా వన్ కార్లు అలాంటివి. ఒకటి నుంచి రెండు కిలోల మధ్య ఉంటే గ్రేడ్-2 చాలు. గ్రేడ్-1 వైపు వెళ్లేకొద్దీ నియమాలు బిగుసుకుంటాయి. కొత్త ట్రాకు వెడల్పు 12 మీటర్లకు, రేసుకు ముందు కార్లు వరసగా నిలిచే స్టార్టింగ్ గ్రిడ్ దగ్గర 15 మీటర్లకు తగ్గకూడదు. స్టార్టింగ్ గీత నుంచి మొదటి మలుపుకు కనీసం 250 మీటర్లుండాలి. సూటి దారి రెండు కిలోమీటర్లు మించకూడదు. ఆ 250 మీటర్ల లెక్కకు దేన్ని మలుపనాలో కూడా రాసి పెట్టారు. 300 మీటర్ల కంటే తక్కువ వ్యాసార్ధంతో దారి కనీసం 45 డిగ్రీలు తిరగాలి. లేకపోతే అది వాళ్ల దృష్టిలో మలుపే కాదు.

వీటన్నిటికంటే ఖరీదైనది ఖాళీ నేల. అదుపు తప్పిన కారు గోడను తాకేలోగా వేగం తగ్గడానికి మలుపు బయట కంకరో, తారో పరిచిన విశాలమైన జాగా కావాలి. దాని చివర టైర్ల గోడలు గానీ, అంతకంటే ఆధునికమైన అడ్డుగోడలు గానీ ఉండాలి. ట్రాకులో ఆసుపత్రి, ఎగరడానికి సిద్ధంగా హెలికాప్టరు, జట్లన్నిటికీ గ్యారేజీలు, ఇలా జాబితా పొడవైనది. పాత ట్రాకును ఆ స్థాయికి తేవడం కంటే, ట్రాకుల రూపకర్త హెర్మన్ టిల్కే నోయిడాలో గీసినట్టు ఖాళీ పొలాల మీద కొత్తది కట్టడమే తేలిక. 2011, 2012, 2013లలో అక్కడ జరిగిన మూడు ఇండియన్ గ్రాండ్ ప్రీలనూ సెబాస్టియన్ వెట్టెలే గెలిచాడు. ఆ తరువాత అక్కడ ఫార్ములా వన్ రేసే జరగలేదు. అంత ఖర్చుతో కట్టిన ట్రాకు మూడేళ్లకే ఫార్ములా వన్‌కు దూరమైతే, అంతకంటే చిన్న ట్రాకు మూడు దశాబ్దాలు దాటినా ఏటా జాతీయ పోటీలతో నడుస్తూ ఉంది.

రక్షణ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ఇరుంగాట్టుకోట్టైలో 2023 జనవరిలో కార్ల రేసులో 59 ఏళ్ల అనుభవజ్ఞుడు, అదే ఆగస్టులో మోటార్‌సైకిల్ రేసులో 13 ఏళ్ల బాలుడు ప్రాణాలు కోల్పోయారు. కారు కోసం గీసిన మలుపు మోటార్‌సైకిల్‌కు సరిపోదు. కారుకు దగ్గరి గోడ మేలు చేసే చోట, జారిపడ్డ మనిషికి దూరపు గోడ కావాలి. ఒకే ట్రాకు మీద రెండూ నడిపేవాళ్లు ఈ రెండు అవసరాల మధ్యా నలుగుతూనే ఉంటారు.

ప్రశ్న: ఒక్కసారైనా ట్రాకుకు వెళ్లి రేసు చూడాలని ఉంది. ఎక్కడ కూర్చుంటే బాగుంటుంది? (గుంటూరు)

జవాబు: సూటి దారి మధ్యలో మాత్రం కూర్చోకండి. చప్పుడు తప్ప మరేమీ మిగలదు, కారు రంగు కూడా సరిగా గుర్తుండదు. పొడవాటి సూటి దారి ముగిసి మలుపు మొదలయ్యే చోట జాగా చూసుకోండి. అక్కడ ట్రాకు పక్కన మలుపు ఇంకెన్ని మీటర్లుందో చెప్పే అంకెల పలకలు ఉంటాయి. మొదటి రెండు ల్యాపులు కార్లను చూడకుండా ఆ పలకలనే చూడండి. ఏ కారు ముక్కు ఏ పలక దగ్గర నేలకు వంగుతుందో, అంటే ఎవరు ఎక్కడ బ్రేకు వేస్తున్నారో తెలిసిపోతుంది. తరువాత చెవి పెట్టండి. మలుపు మధ్యలో ఇంజిన్ గొంతు ఒకసారి తగ్గి మళ్లీ ఎప్పుడు లేస్తుందన్నది ఒక్కో రేసరుకు ఒక్కోలా ఉంటుంది. రేసు సగం నడిచేసరికి కార్లు తిరిగే గీత మేర నేల నల్లగా నిగనిగలాడుతుంది, దాని బయట టైర్ల నుంచి రాలిన రబ్బరు ముక్కలు గోలీల్లా పేరుకుంటాయి. దాటిపోవాలని ఆత్రపడి ఆ ముక్కల మీదికి చక్రం వేసిన కారు జర్రున జారడం మీకు ముందే తెలుస్తుంది, పక్కనున్నవాళ్లు అరవడానికి ఒక క్షణం ముందు.